రైలుకి సాగనంపు: టోక్యో నుంచి ఫలక్‌నుమా దాకా

ఈరోజు టాపిక్ వినగానే సగం మంది స్కిప్ కొడతారని తెలుసు, అయినా చెప్తున్నా. జపాన్ లోకల్ ట్రైన్లు. బుల్లెట్ ట్రైన్ కాదు. రోజూ ఆఫీసుకి పోయే జనం ఎక్కే మామూలు లోకల్ ట్రైన్లు, అందులోనూ రిటైర్ అయిపోతున్న పాతవి. "అన్నా, మనది చార్మినార్ పక్కన ఛానల్, నీకు జపాన్ రైళ్లతో ఏం పని" అని కామెంట్ పెట్టేవాళ్లు కొంచెం ఆగండి. ఈ రైలు తిరిగి తిరిగి యాకుత్‌పురా స్టేషన్‌కే వస్తుంది.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. 2017 అక్టోబర్ 3, ఒసాకా. ఆ ఊర్లో రింగ్ లాగా తిరిగే ఒక లోకల్ లైన్ ఉంటుంది, ఒసాకా లూప్ లైన్ అంటారు. ఆ లైన్ మీద నారింజ రంగు 103 సిరీస్ రైలుకి అది ఆఖరి రోజు. ఇట్లాంటి రోజుల్లో అక్కడ ప్లాట్‌ఫాం ఎట్లా ఉంటుందో యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి, చూడండి. కెమెరాలు పట్టుకుని కాలేజీ పిల్లలు, టై కట్టుకున్న ఉద్యోగులు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు. రైలు కదలగానే చేతులూపుతారు. "అరిగాతో" అని అరుస్తారు, అంటే థ్యాంక్స్ అని. కొందరు కళ్లు తుడుచుకుంటారు. ఇదంతా ఒక లోకల్ ట్రైన్ కోసం! మన దగ్గర ఫలక్‌నుమా లోకల్ షెడ్డుకి పోతుంటే ఎవరైనా చెయ్యి ఊపితే, పక్కనోడు "ఏం భాయ్, ఎవరన్నా ఊరికి పోతున్నరా?" అని అడుగుతాడు.

ఈ 103 సిరీస్ ఏమీ గొప్ప రైలు కాదు. అసలు విశేషమే అది. జపాన్ ప్రభుత్వ రైల్వే 1963లో మొదలుపెట్టి సుమారు ఇరవై ఏళ్ల పాటు తయారుచేసింది. మొత్తం 3,447 డబ్బాలు. ఒకటే ముఖం, ఒకటే డిజైన్. టోక్యోలో లైన్‌కో రంగు వేశారు. యమనోతె లైన్‌కి చిలక పచ్చ లాంటి రంగు, చువో లైన్‌కి నారింజ, సోబు లైన్‌కి పసుపు, కెయిహిన్ తొహోకు లైన్‌కి ఆకాశ నీలం. చదువు రానివాడు కూడా రంగు చూసి తన రైలు ఎక్కేయొచ్చు. రెండు మూడు తరాల వాళ్లు ఇదే రైలెక్కి స్కూలుకి పోయారు, అందులోనే నిలబడి నిద్రపోయారు. అందుకే అది పోతుంటే రైలు పిచ్చి లేనివాడికి కూడా ఎక్కడో కలుక్కుమంటుంది.

పిచ్చి ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో మళ్లీ కులాలున్నాయి. జపాన్‌లో రైలు అభిమానిని చివర్లో "తెత్సు" తగిలించి పిలుస్తారు, ఇనుము అని అర్థం. ఎక్కి తిరగడమే ఇష్టమైతే నోరితెత్సు. మన నోరుకీ దానికీ సంబంధం లేదు, జపనీస్‌లో ఎక్కడం అని. ఫొటోలు తీసేవాళ్లు తోరితెత్సు. రైలు చప్పుళ్లు రికార్డు చేసేవాళ్లు ఒతొతెత్సు. ఇక నాకు బాగా నవ్వొచ్చిన పేరు సోషికితెత్సు. సోషికి అంటే అంత్యక్రియలు. రైలు నడిచినన్ని రోజులు పట్టించుకోకుండా, రేపు ఆపేస్తున్నారు అనగానే కెమెరా తీసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లని మిగతా అభిమానులు ఎగతాళిగా అట్లా పిలుస్తారు. మన దగ్గర కూడా ఉంటారు కదా, పెద్దాయన మంచాన పడ్డప్పుడు ఒక్కరోజు రారు, దినాలకి మాత్రం ముందు వరుసలో కూర్చుంటారు. ఆ బ్యాచ్.

ఇదంతా ముచ్చటగా ఉంటుందని చెప్తే అబద్ధం అవుతుంది. మంచి ఫొటో కోసం ఒకరినొకరు తోసుకుంటారు, ఫ్రేములోకి ఎవడైనా తల పెడితే ప్లాట్‌ఫాం అంతా బూతులు. ఈ అరుపులకి కూడా వాళ్లు ఒక పేరు పెట్టుకున్నారు, తిట్ల పోటీ అనే అర్థం వచ్చేట్టు. కొందరు పట్టాల పక్కన చెట్ల కొమ్మలు కొట్టేస్తారు. టోక్యో మెట్రో 6000 సిరీస్‌ని 2018లో సాగనంపినప్పుడు ఒక్కరోజుతో సరిపెట్టలేదు, అక్టోబర్ నుంచి నవంబర్ 11 దాకా శని ఆదివారాల్లో స్పెషల్ ట్రిప్పులు నడిపారు.

సాగనంపు అనే మాట ఎందుకు వాడుతున్నానో పాతబస్తీ వాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం ఒక ముక్క. ఆషాఢంలో మా దగ్గర బోనాలు. లాల్ దర్వాజ, హరిబౌలి, గౌలిపురా అంతా జనమే. బోనాలెక్కించి, రంగం విని, ఆఖరికి అక్కన్న మాదన్న గుడి ఘటాన్ని ఏనుగు మీద ఊరేగించి నయాపూల్ దగ్గర మూసీలో కలుపుతారు. ఆ పంపించడమే సాగనంపు. అమ్మవారు పుట్టింటికొచ్చి తిరిగి పోతోంది, ఊరికే పంపకూడదు, డప్పులతో పంపాలి. జపాన్ వాళ్లు రైలు ముందు "సయోనారా" అని రాసిన గుండ్రటి బోర్డు తగిలించడం చూసినప్పుడు నాకు ఠక్కున ఇదే గుర్తొచ్చింది. వాళ్లకి డప్పు లేదు, హారన్ ఉంది.

సరే, అసలు వాళ్లు అంత బాగా ఎట్లా సాగనంపగలుగుతున్నారు? ప్రేమ ఎక్కువనా? నేనైతే అట్లా అనుకోను. నా లెక్కలో కారణం చాలా బోరింగ్ విషయం: డేట్. ఫలానా సిరీస్ ఫలానా నెలలో ఆగిపోతుంది అని రైల్వే కంపెనీ ముందే ప్రకటిస్తుంది. దాని బదులు ఏ రైలొస్తుందో కూడా చెప్తుంది. పైగా ప్రతి డబ్బాకీ ఒక నంబరు, ఆ డబ్బా ఏ ఫ్యాక్టరీలో పుట్టింది, ఏ డిపోలో పనిచేసింది, ఎప్పుడు తుక్కు కింద కోశారు, ఇదంతా అభిమానులు పత్రికల్లో, పుస్తకాల్లో రాసి పెట్టుకుంటారు. కంపెనీలు పాత నంబర్ ప్లేట్లు, పట్టుకునే రింగులు అమ్ముతాయి కూడా.

మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని ఎండ్ ఆఫ్ లైఫ్ డేట్ అంటాం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ అయిపోతుందని మైక్రోసాఫ్ట్ ఏళ్ల ముందే చెప్పింది. అందుకే దాని మీద మీమ్స్ వచ్చాయి, ఫేర్‌వెల్ పోస్టులు వచ్చాయి. చెప్పకుండా పీకేసిన సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ ఫేర్‌వెల్ పోస్ట్ రాయరు, టికెట్ రెయిజ్ చేస్తారు.

ఇప్పుడు కొంచెం టెక్నికల్. నేను చదివింది బీటెక్ కాబట్టి ఇది వదల్లేను, రెండు నిమిషాలు భరించండి. రైలు చప్పుడు కోసం జనం ఏడవడమేంది అంటారా? రైలు లోపల కరెంటుని ఎట్లా వాడుతున్నారో దాన్నిబట్టి చప్పుడు మారుతుంది. 103 సిరీస్‌లో ఉన్నది రెసిస్టర్లతో కంట్రోల్. మోటార్‌కి ఒకేసారి కరెంటంతా ఇస్తే కష్టం, అందుకని మధ్యలో రెసిస్టర్లు పెట్టి, స్పీడు పెరిగే కొద్దీ ఒక్కొక్కటీ తీసేస్తారు. అంటే బయల్దేరినప్పుడల్లా కొంత కరెంటు వేడి కింద గాలిలో కలిసిపోతుంది. తర్వాత 201 సిరీస్ వచ్చింది, 1979లో మొదటి నమూనా. దాంట్లో చాపర్. సెమీకండక్టర్ స్విచ్ సెకనుకి వందల సార్లు ఆన్, ఆఫ్ చేసి కరెంటుని ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. వేస్ట్ తగ్గింది, బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి వైరులోకి పోయే ఏర్పాటు వచ్చింది. ఆ తర్వాత తరం ఇన్వర్టర్. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ మార్చుకుంటూ మోటార్‌ని నడిపిస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ పెరగడం మన చెవికి సరిగమల్లా వినిపిస్తుంది. కేయిక్యూ అనే ప్రైవేటు రైల్వేలో సీమెన్స్ కంపెనీ ఇన్వర్టర్లున్న రైళ్లు బయల్దేరేటప్పుడు నిజంగానే ఒక స్కేల్ పాడేవి. దానికి "పాడే రైలు" అని పేరు. ఆ ఇన్వర్టర్లని మార్చుకుంటూ వచ్చి 2021 జూలైలో ఆఖరిదాన్ని కూడా తీసేశారు. రైలు అట్లనే ఉంది, పాట పోయింది. దానికి కూడా సాగనంపు చేశారు!

ఇప్పుడు మన ఎంఎంటీఎస్‌కి రండి. మన పాత తరం రేకుల్లో ఏముంటుంది? పైన వైరులో 25,000 వోల్టుల ఏసీ. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి, ట్యాప్ చేంజర్‌తో ఒక్కో మెట్టు పెంచుకుంటూ, రెక్టిఫైర్‌తో డీసీ చేసి మోటార్‌కి ఇస్తారు. అందుకే మలక్‌పేట నుంచి కదిలినప్పుడు ఒక జర్కు, ఇంకో జర్కు, మెట్లెక్కినట్టు వేగం అందుకుంటుంది. నిలబడ్డవాళ్లంతా ఒకేసారి వెనక్కి ఊగుతారు. కొత్త తరం త్రీ ఫేజ్ రేకుల్లో ఇన్వర్టరే, సన్నగా కూతపెడుతూ నున్నగా పోతుంది. కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు ఏది పాతది ఏది కొత్తది అని. నేను డబీర్‌పురా మెట్ల మీద నిలబడి ఆ ఆట ఆడుతుంటా. ఇక్కడ ఒతొతెత్సు అంటే నేనొక్కణ్ణే కావచ్చు.

ఇప్పుడు కథ మలుపు తిరిగేది జకార్తా దగ్గర. టోక్యోలో కన్నీళ్లతో సాగనంపిన రైళ్లన్నీ తుక్కుకి పోవు. చాలా భాగం ఓడెక్కి ఇండోనేషియాకి పోయాయి. 2000లో టోక్యో నగరం తన మీతా లైన్ 6000 సిరీస్ డబ్బాలు 72 జకార్తాకిచ్చింది. 2013 నుంచి జేఆర్ ఈస్ట్ వాళ్ల 205 సిరీస్ పోవడం మొదలైంది. సైక్యో లైన్‌వి, యోకోహామా లైన్‌వి, నాంబు లైన్‌వి, ఆఖర్న ముసాషినో లైన్‌వి. అన్నీ కలిపి 800 డబ్బాలకి పైనే. ఇందాక చెప్పిన టోక్యో మెట్రో 6000 కూడా అక్కడికే.

అంతకుముందు జకార్తా లోకల్ అంటే రైలు టాపు మీద జనం, తలుపుల్లో వేలాడే జనం. ఏసీ లేని ఎకానమీ లోకల్స్ 2013 జూలైలో ఆపేశారు. టోక్యో వాడు "పాతదైపోయింది" అని పంపిన రైలు, జకార్తాలో ఏసీ ఉన్న, తలుపులు మూసుకునే, టైమ్ టేబుల్ ఉన్న లోకల్. ఒకడికి జ్ఞాపకం, ఇంకొకడికి సౌకర్యం. జపాన్ అభిమానులు టికెట్ కొనుక్కుని జకార్తా పోయి మరీ ఆ రైళ్లెక్కుతారు. వాళ్ల చిన్నప్పటి రైలు అక్కడ ఇంకా బతికుంది కదా.

తర్వాత 2023లో జకార్తా లోకల్స్ నడిపే సంస్థ ఇంకొన్ని పాత జపాన్ రైళ్లు కావాలని అడిగితే, ఇండోనేషియా ప్రభుత్వం కుదరదంది. వాళ్లకి సొంత రైలు ఫ్యాక్టరీ ఉంది, ఇంకా ఎన్నాళ్లు ఒకరు వాడినవి తెచ్చుకుంటాం అనేది వాదన. ఇటు ఏమో పాత రైళ్లు మూలపడుతున్నాయి, రద్దీ ఆగదు. చివరికి సొంత ఫ్యాక్టరీకి ఆర్డరిచ్చి, చైనా నుంచి కూడా కొత్తవి తెప్పించారు. నేనైతే రెండు వైపులా న్యాయం ఉందంటాను. ఆత్మగౌరవం మంచిదే కానీ, పొద్దున ఏడున్నరకి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి ముందు రైలు కావాలి.

ఇంకో చిన్న కథ, ఇది నాకు చాలా ఇష్టం. టోక్యో మరునౌచి లైన్‌లో ఎర్ర రంగు మెట్రో రైళ్లుండేవి, తెల్ల పట్టీ, దాని మీద అల లాగా వెండి గీత. 1990ల్లో వాటిని అర్జెంటీనాకి అమ్మారు, బ్యూనస్ ఐరిస్ మెట్రోలో ఇరవై ఏళ్లు తిరిగాయి. 2016లో టోక్యో మెట్రో వాళ్లు నాలుగు డబ్బాల్ని మళ్లీ ఓడలో వెనక్కి తెచ్చుకున్నారు. రిపేరు చేసి పాత రంగు వేయడానికి, కొత్త ఇంజనీర్లకి నేర్పడానికి. భూగోళానికి అటువైపు నుంచి ఒక పాత డబ్బాని ఇంటికి తెచ్చుకున్నారంటే, అది ఎక్కడుందో వాళ్లకి తెలుసు కాబట్టే.

"అయితే అన్నా, ఆ పాత జపాన్ రైళ్లు మనకెందుకు తెప్పించుకోకూడదు?" అని అడుగుతారు మీరు. కుదరదు. జపాన్ లోకల్స్ పట్టాల మధ్య దూరం 1,067 మిల్లీమీటర్లు, ఇండోనేషియాది కూడా సరిగ్గా అంతే. రెండు చోట్లా వైరులో 1,500 వోల్టుల డీసీ. ఓడలోంచి దించి పెద్దగా మార్చకుండానే నడిపేయొచ్చు. మనది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్, 25,000 వోల్టుల ఏసీ. ఆ రైలుని ఇక్కడ పట్టాల మీద పెడితే రెండు పట్టాల మధ్యలో పడిపోతుంది. అయితే జపాన్ వాళ్లు మన గేజ్‌కే తయారుచేసిచ్చిన బండ్లు తెలుగు నేల మీద నడిచాయి. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరందుల్ పోయే లైన్‌లో హిటాచీ తయారుచేసిన డబ్ల్యూఏజీ 6బీ, 6సీ ఇంజన్లు ఉండేవి. వాల్తేరు షెడ్డువి. అసలు ఆ లైన్ పుట్టిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు దాకా తెచ్చి జపాన్‌కి పంపడానికి. ఇప్పుడా ఇంజన్లు సర్వీసులో లేవు. దీని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ మొదలుపెడితే మనం అరకులోనే ఆగిపోతాం.

మన దేశంలో రైలుకి సాగనంపు జరగలేదా? జరిగింది. బొంబాయిలో 1925 ఫిబ్రవరి 3న దేశంలో మొదటి ఎలక్ట్రిక్ రైలు విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా నడిచింది, 1,500 వోల్టుల డీసీ మీద. తర్వాత అంతా ఏసీకి మారుస్తూ వచ్చి, 2016 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆఖరి డీసీ లోకల్ నడిపారు, అదీ హార్బర్ లైన్ మీదే. రైల్ అభిమానులు వెళ్లి ఎక్కారు. డేట్ చెప్పారు, వచ్చారు.

ఇప్పుడు హైదరాబాద్. మన చేతిలోంచి ఏమేం పోయాయో చూడండి. మొదటిది మీటర్ గేజ్. ఇప్పుడు మనం ఎంఎంటీఎస్‌లో పోయే ఈ కాచిగూడ, ఫలక్‌నుమా లైన్ నిజాం కాలంలో వేసింది, ఒకప్పుడు మీటర్ గేజ్. మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోయేది. అటు పైకి మన్మాడ్ దాకా గోదావరి వ్యాలీ లైన్, అదీ మీటర్ గేజే. కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు 1916 నాటివి. మహబూబ్‌నగర్ వైపు 1990ల్లో బ్రాడ్ గేజ్ చేశారు. మంచిదే, చేయాల్సిందే. అయితే ఉప్పుగూడ మీదుగా ఆఖరి మీటర్ గేజ్ బండి ఏ రోజు పోయింది అని మా గల్లీలో పెద్దమనుషుల్ని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సంవత్సరం చెప్తారు. ఒకాయన గణేశ్ నిమజ్జనం నాడు అంటాడు, ఇంకొకాయన ఉగాది అంటాడు. బొగ్గు నుసి కంట్లో పడిన సంగతి మాత్రం అందరికీ ఒకేలా గుర్తు.

రెండోది డబుల్ డెక్కర్ బస్సు. సికింద్రాబాద్ నుంచి జూపార్క్ దాకా 7జెడ్. పై అంతస్తులో ముందు సీటు కోసం కొట్లాటలు. అఫ్జల్‌గంజ్ దగ్గర చెట్టు కొమ్మలు కిటికీకి తగిలేవట. "అట" అంటున్నా, ఎందుకంటే నాకు బుద్ధి తెలిసేసరికి అవి లేవు, 2000ల మొదట్లోనే రోడ్డు మీద నుంచి తప్పుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో హెచ్‌ఎండీఏ మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చింది, ఫార్ములా ఈ రేసు టైములో. ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పారు. జనం సెల్ఫీలు దిగారు. బాగున్నాయి. కానీ 7జెడ్ జూపార్క్‌కి పోయే బస్సు, ఇది చూడ్డానికి పోయే బస్సు. తేడా ఉంది కదా.

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో మొదలైంది మన ఆర్టీసీ కథ. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి, డెక్కన్ క్వీన్ అని, దాచిపెట్టారు. బస్ భవన్‌కి పోతే చూడండి. అంటే మనకి దాచుకోవడం రాదని కాదు. రాజుల కాలం నాటిదైతే దాస్తాం. నిన్న మొన్న మనం ఎక్కినదాన్ని దాచాలని తోచదు.

మూడోది ఇప్పుడు నడుస్తున్నదే. ఎంఎంటీఎస్. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని అద్వానీ ప్రారంభించారు. మా వైపు, అంటే ఫలక్‌నుమా దాకా, 2004లో వచ్చింది. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఇదే నాకు దిక్కు. ఉప్పుగూడలో ఎక్కితే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగడం. ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ. ఈ స్టేషన్ల పేర్లు వరసగా చెప్పగలిగితే మీరు మావాళ్లే. అయిదు రూపాయల టికెట్ నుంచి మొదలు. పూల బుట్టలతో ఆడవాళ్లు, క్యాంపస్‌కి పోయే ఓయూ స్టూడెంట్లు, మా లాంటి ఐడీ కార్డు మెడలో వేసుకున్న బ్యాచ్.

2020 మార్చి 23న కరోనాతో ఆగింది. పదిహేను నెలలు. 2021 జూన్ 23న మళ్లీ మొదలైనప్పుడు పది సర్వీసులు. ఆగక ముందు రోజుకి 121 ఉండేవి. తర్వాత తర్వాత పెరిగాయనుకోండి, 2023 ఏప్రిల్ 8న ప్రధాని రెండో దశకి జెండా ఊపారు, పదమూడు కొత్త సర్వీసులు, మేడ్చల్ వైపు ఒకటి, ఇటు ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా ఒకటి. నేను అంటున్నది ఆ పదిహేను నెలల గురించి. ఆ టైములో పోయిన ట్రిప్పుల్లో కొన్ని మళ్లీ రాలేదు. రోజూ ఒకే ట్రైన్, ఒకే డబ్బా, ఒకే గుంపు ఉండేది కదా, అది చెదిరిపోయింది. వాళ్లు బైకులు కొన్నారు, షేర్ ఆటోలకి మారారు. ఆఖరి ట్రిప్ అని తెలియకుండానే ఆఖరి ట్రిప్ అయిపోయింది. దానికి బోర్డూ లేదు, హారనూ లేదు.

ఇక్కడే నాకు జపాన్ వీడియోల మీద ఒక అసూయ, ఒక అనుమానం. అసూయ ఎందుకో చెప్పాను. అనుమానం ఏందంటే, పాత రైలు మీద అంత ప్రేమ పుట్టాలంటే తెల్లారి కొత్త రైలు గ్యారంటీగా రావాలి. ఒసాకాలో 103 పోయిన మర్నాడు ప్లాట్‌ఫాం ఖాళీగా లేదు. కొత్త 323 సిరీస్ అప్పటికే తిరుగుతోంది. కాబట్టి ఏడవడానికి తీరిక ఉంది. అమ్మవారిని సాగనంపేటప్పుడు కూడా వచ్చే ఆషాఢానికి మళ్లీ వస్తుందని తెలుసు కాబట్టే అంత డప్పు. ఈ మధ్య యాకుత్‌పురాలో గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చుకునే ఒక పెద్దమ్మతో ఈ సంగతి చెప్పాను, జపాన్‌లో పాత రైలు పోతే ఏడుస్తరంట పెద్దమ్మా అని. ఆమె నా కెమెరా వైపు చూసి, "మాకు రైలు పాతదైతేంది బిడ్డా, మెట్టు ఎత్తు తక్కువుంటే సాలు, బుట్టతోని ఎక్కలేకపోతున్న" అంది. నేను ఇన్వర్టర్ల గురించి ఏదో చెప్పబోయి ఊరుకున్నా.

ఆమె మాట న్యాయం. పాత రేకు మీద నాకున్న మోజుకీ ఆమె మోకాళ్లకీ పోటీ పెడితే మోకాళ్లే గెలవాలి. పాతవి పోవాలి, తలుపులు మూసుకునేవి రావాలి. మెట్రో కూడా రావాలి. గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకి 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. అది పూర్తయ్యేదాకా మా వైపు పట్టాల మీద పోవాలంటే ఎంఎంటీఎస్ ఒక్కటే.

మరి నాకు కావాల్సిందేంది? రైలుని ఆపమని కాదు. పోయేటప్పుడు చెప్పి పొమ్మని. అంతే. లెక్క వేస్తే టైము కూడా దగ్గర్లోనే ఉంది. రైల్వే లెక్కలో లోకల్ ఈఎంయూ డబ్బా ఆయుష్షు 25 ఏళ్లు. 2003లో కొత్తగా దిగినవాటికి 2028కి నిండుతుంది. అంటే ఆ ట్యాప్ చేంజర్ జర్కు, ఆ ఊగుడు మనకింక ఎక్కువ కాలం ఉండవు. జపాన్‌లో అయితే ఈపాటికి ఏ నంబరు డబ్బా ఎక్కడుందో ఒక టేబుల్ తయారై ఉండేది.

ఆ టేబుల్ మనమే చేద్దామని మొదలుపెట్టా. ఖర్చు లేదు, ఒక స్ప్రెడ్‌షీట్. మీరు ఎంఎంటీఎస్ ఎక్కినప్పుడు డబ్బా బయట రాసిన నంబరు చూడండి. చాలావరకు మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. నంబరు, తేదీ, ఏ స్టేషన్, చప్పుడు పాతదా కొత్తదా, ఈ నాలుగు రాసి పంపండి. చప్పుడు రికార్డు చేసేటట్టయితే మధ్య డబ్బాల్లో మోటార్ ఉన్నదాంట్లో కూర్చోండి, ఫోను కిటికీ దగ్గర కాకుండా సీటు కింద నేల వైపు పెట్టండి, గాలి శబ్దం తగ్గుతుంది. తలుపు దగ్గర వేలాడి వీడియో తీయొద్దు, అట్లాంటి వీడియో పంపితే నేను వాడను, ముందే చెప్తున్నా. ప్లాట్‌ఫాం చివర గీత దాటొద్దు. తిట్ల పోటీలు అక్కడే ఉండనీయండి.

ఇంకొకటి. 2020 మార్చికి ముందు ఫలక్‌నుమా లైన్‌లో తీసిన వీడియో ఏదైనా మీ పాత ఫోన్లో ఉంటే, పెళ్లికి పోతూ తీసుకున్నదైనా సరే, వెనక రైలు చప్పుడు వినిపిస్తే చాలు, పంపండి. ఇంట్లో నానమ్మ, తాతయ్య కాచిగూడ మీటర్ గేజ్ ఎక్కినవాళ్లు ఉంటే ఇంకా మంచిది, వాళ్లతో పది నిమిషాలు మాట్లాడించి ఫోన్లో రికార్డు చేయండి. తేదీలు తప్పు చెప్పినా పర్వాలేదు, గణేశ్ నిమజ్జనమా ఉగాదా అన్నది నేను తర్వాత వెతుక్కుంటా. లింకు కింద ఉంది. ఇప్పటిదాకా షీట్‌లో ఉన్నవి పదకొండు డబ్బాలు, అన్నీ నేను రాసినవే.